గాలి మీద కూర్చున్న కారు

పిల్లలూ! మీలో హైదరాబాదు చూసినవాళ్ళు చాలామంది ఉంటారు. చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగు మ్యూజియం అన్నీ చూసే ఉంటారు. కాని పంజాగుట్టను చూడటానికని పనిగట్టుకుని వచ్చినవాళ్ళు నాకు ఇంతవరకు తగలలేదు. అక్కడికి ఎవరైనా నిమ్స్ ఆస్పత్రికి వస్తారు, బట్టల కొట్లకు వస్తారు, లేకపోతే ఆ కూడలిని ఎలా దాటాలా అని విసుక్కుంటూ దాటిపోతారు. ఈ నెల మిమ్మల్ని నేను ఆ పంజాగుట్టకే తీసుకుపోతాను. అక్కడ మనం చూడబోయేది మేడలూ కాదు, మిద్దెలూ కాదు. ఒక తిత్తి. కమ్మరి కొలిమి దగ్గర తోలుతిత్తి చూశారు గదా, అటువంటిదే, ఇది రబ్బరుది. రెండు టన్నుల కారును మోస్తుంది.

అమీర్‌పేటలో మెట్రో ఎక్కుదాం. నాగోలు నుంచి రాయదుర్గం పోయే దారీ, మియాపూరు నుంచి ఎల్బీనగర్ పోయే దారీ ఇక్కడే కలుస్తాయి. అందుచేత ఇక్కడ దిగేవాళ్ళూ, ఎక్కేవాళ్ళూ అంతా ఇంతా కాదు. 2017 నవంబరులో ఈ ఊళ్ళో మెట్రో మొదలైంది. మనం పోవలసిన ముక్క, అనగా అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్నది, 2018 సెప్టెంబరులో తెరిచారు. పంజాగుట్ట వెంటనే వచ్చే స్టేషను. కూర్చుని లేచేలోపల దిగవలసి వస్తుంది గనక, నిలబడే ఉండండి. నిలబడి ఒక సంగతి గమనించండి.

బండి ఆగినప్పుడు తలుపు దగ్గర కిందికి చూడండి. ప్లాట్‌ఫారమూ, పెట్టెలోని నేలా దాదాపు ఒకే మట్టంలో ఉంటాయి. ఇప్పుడు 200 మంది ఒక్కసారిగా ఎక్కారనుకోండి. మనిషికి 60 కిలోల చొప్పున 12,000 కిలోలు, అంటే 12 టన్నులు! అంత బరువు మీద పడ్డా నేల కుంగి, ప్లాట్‌ఫారానికి ఇంత కిందికి దిగిపోదు. ఇనప స్ప్రింగుల మీద కూర్చున్న పెట్టె అయితే బరువును బట్టి దిగుతుంది, ఖాళీ అయితే లేస్తుంది. అప్పుడు ముసలివాళ్ళు తట్టుకుని పడిపోతారు. మెట్రో పెట్టెకూ దాని కింది చక్రాల చట్రానికీ మధ్య గాలి నింపిన రబ్బరు తిత్తులున్నాయి. పెట్టె కాస్త దిగగానే ఒక మీట కదిలి, వాల్వు తెరుచుకుని, తిత్తిలోకి మరికొంత గాలి వస్తుంది. జనం దిగిపోయి పెట్టె పైకి లేవబోతే, అదే మీట ఎదురువైపుకు కదిలి, గాలి బయటికి పోతుంది. ఇంత పనీ ఎవరూ చెప్పకుండానే జరిగిపోతుంది. మనం మాత్రం సెల్‌ఫోను చూసుకుంటూ ఉంటాం.

పంజాగుట్ట వచ్చేసింది, దిగండి. ఒక దారి అమీర్‌పేటకు, ఒకటి ఖైరతాబాదుకు, ఒకటి బంజారాహిల్స్ కొండలకు ఎక్కుతుంది. గుట్టలను తొలిచి వేసిన ఊరు గనక ఎటు వెళ్ళినా ఎత్తో పల్లమో తగులుతూనే ఉంటుంది. మన తర్వాతి స్టేషను పేరు ఎర్రమంజిల్. అక్కడ గుట్ట మీద ఫక్రుల్‌ముల్క్ అనే నవాబు కట్టించిన మేడ ఉంది. ఆ గుట్టను జనం ఎర్రగుట్ట అనేవారట. నవాబు దానికి దగ్గరగా వినిపించేటట్టు ఇరమ్ మంజిల్ అని పేరు పెట్టాడనీ, ఇరమ్ అంటే పారశీకంలో స్వర్గమనీ చెబుతారు. మన జనం దాన్ని మళ్ళీ ఎర్రమంజిల్ చేసి, తమ ఎర్రగుట్టను తాము తెచ్చేసుకున్నారు! సరే, మన దారిన మనం పోదాం.

ఈ ఎత్తుపల్లాల మీద బండి నడపటం ఎప్పటినుంచో ఒక సమస్యే. ఎద్దుబండికి స్ప్రింగులుండవు. చక్రం రాయి ఎక్కితే మనమూ రాయి ఎక్కినట్టే. జట్కాబండికి, ఆ తరవాత మోటారుకు, ఇనప పట్టీలు ఒకదానికింద ఒకటి పేర్చి కట్టిన కమాను కట్టలు వచ్చాయి. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం నవాబుగారి 1912 నాటి పసుప్పచ్చ రోల్స్‌రాయిస్ ఉంది. సింహాసనం వంటి ఆసనం అమర్చిన కారు. ఈసారి దాన్ని చూసినప్పుడు అందరిలాగా ఆసనాన్ని చూసి ఊరుకోకండి. వంగి కింద చూడండి. అంత వైభవమూ కమాను కట్టల మీదనే కూర్చుని ఉంది. 1932లో నిజాం రైల్వేవారు ఈ రాజ్యంలో 27 బస్సులతో ప్రభుత్వ బస్సులు నడపటం ప్రారంభించినప్పుడు వాటికీ కమాన్లే. మీ ఊరి పాత బస్సు వెనక సీటులో కూర్చుని ఎగిరిపడితే, అదీ కమాను మహిమే.

గాలిని మోతకు వాడుకోవచ్చునన్న ఊహ మాత్రం కొత్తది కాదు. 1845లో రాబర్ట్ థామ్సన్ అనే స్కాట్లండు ఇంజనీరు గాలి నింపిన చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. జనం దాన్ని పట్టించుకోలేదు. నలభై ఏళ్ళు దాటాక, డన్‌లప్ అనే పశువుల వైద్యుడు తన కొడుకు మూడుచక్రాల సైకిలు గడగడలాడకుండా ఉండాలని గాలి టైరు చేశాడు. అది లోకమంతా పాకింది. టైరులో గాలి ఉంటే ఇంత సుఖంగా ఉన్నదే, స్ప్రింగులో కూడా గాలే పెడితే ఎలా ఉంటుంది? అమెరికాలో 1953 నుంచి దూరప్రయాణపు బస్సులకు గాలితిత్తులు పెట్టారు. 1957లో కాడిలాక్ ఎల్డొరాడో బ్రోహమ్ అనే ఖరీదైన కారుకు పెట్టారు. 1961లో మెర్సిడెస్‌వారు తమ 300 ఎస్.ఇ. కారుకు పెట్టారు. బస్సులలో ఇవి చక్కగా నిలిచాయి. ఆ కాడిలాక్‌లో మాత్రం గాలి కారిపోయి, చాలామంది విసిగి తిత్తులు పీకేసి చుట్టల స్ప్రింగులు బిగించుకున్నారు. ఈ గాలి కారటమనే జబ్బు ఆనాటిది. దాన్ని కళ్ళారా చూద్దామనే మనం ఇంత దూరం వచ్చింది.

కూడలి నుంచి కాస్త లోపలికి వస్తే ఒక సందు. సందు మొదట్లో ఇరానీ చాయ్ వాసన, చివర పెట్రోలు వాసన. అక్కడ ఒక రేకుల షెడ్డు ఉంది. దాని మేస్త్రీ ఒకప్పుడు నా దగ్గర ఎనిమిదో తరగతి చదివాడు. లెక్కల్లో 35 మార్కులు దాటితే ఆ రోజు పండగ చేసుకునేవాడు. ఇప్పుడు వాడి చెవిలో పెన్సిలు, జేబులో టేపు, గోడ మీద నల్లబల్ల! నేను బడి వదిలినా బడి నన్ను వదలలేదని నవ్వుకున్నాను.

ఆనాడు షెడ్డులో ఒక పొడవాటి నల్లకారు ఉంది. విదేశపుది. 18 ఏళ్ళ వయసుది. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే ఈ జబ్బు ఆ జాతి కార్లన్నిటికీ ఉన్నదే. దాని యజమాని దాన్ని సెకండ్‌హాండులో కొని, పెళ్ళికొడుకుల ఊరేగింపులకు అద్దెకిస్తాడు. కొత్తలో కోటీశ్వరులు ఎక్కే బండి, పాతబడ్డాక అప్పు చేసి కొన్నవాడి చేతికి వచ్చిందన్నమాట. కొనేటప్పుడు చౌక. కాని సామాను ధర మాత్రం కోటీశ్వరుల ధరే. ఆ రోజు పొద్దున కారు నాలుగు చక్రాల మీదా కుంగి, కప్ప కూర్చున్నట్టు కూర్చుంది. మూడో రోజు సాయంత్రం ఒక పెళ్ళికి బయానా తీసుకుని ఉన్నాడు.

"ఆరు నెలల్లో రెండు కంప్రెసర్లు మార్చిన భాయ్," అన్నాడు యజమాని. "ఒక పెద్ద వర్క్‌షాపుల మొదటిది పోయిందన్నరు. కొత్తది ఏస్తే మూడు నెలలల్ల అదీ కాలిపోయింది. ఇప్పుడు గిది మూడోది. ఇదీ పోతే నేను బండి అమ్ముకునుడే."

అతని మొహం చూస్తే తమాషాకు అంటున్నట్టు లేదు.

మేస్త్రీ ఏం చేశాడో చెప్పే ముందు, ఆ కారు లోపల ఏముందో మీకు తెలియాలి. మీ సైకిలు పంపు తీసుకోండి. గొట్టం మూతిని బొటనవేలితో గట్టిగా మూసి, పిడి నొక్కండి. మొదట తేలిగ్గా దిగుతుంది. పోనుపోను గట్టిపడుతుంది. చేయి వదిలితే పిడి తన్నుకుంటూ పైకి వస్తుంది. గాలి ఉన్న చోటు సగమైతే పీడనం రెట్టింపవుతుందని 1662లోనే రాబర్ట్ బాయిల్ చెప్పాడు. స్ప్రింగుకు కావలసిన గుణం ఇదే గదా! చిన్న గతుకుకు మెత్తగా ఉండాలి, పెద్ద గుంతకు గట్టిగా నిలవాలి.

లెక్క కూడా సులువే. ఒక చక్రం మీద 500 కిలోల బరువు పడుతున్నదనుకోండి. తిత్తి 100 చదరపు సెంటీమీటర్ల మేర ఆ బరువును మోస్తున్నదనుకోండి. అప్పుడు లోపలి గాలి చదరపు సెంటీమీటరుకు 5 కిలోల చొప్పున తోయాలి. మరో 100 కిలోలు ఆ చక్రం మీద పడితే, 6 కిలోల చొప్పున తోయాలి. అంతే, ఇంకాస్త గాలి ఎక్కిస్తే బండి మళ్ళీ మొదటి ఎత్తుకే వస్తుంది. కారు టైరులో మామూలుగా రెండుంబావు కిలోల గాలి ఉంటుంది. తిత్తిలో దానికి రెట్టింపు పైనే అన్నమాట. తిత్తి రబ్బరు గనక ఊరికే బుడగలా ఉబ్బిపోదా అంటారేమో! రబ్బరు మధ్య నూలుదారాల వంటి గట్టి పోగులు నేసి ఉంటాయి. అవి ఉబ్బనివ్వవు. తిత్తి అడుగుభాగం మేజోడు తీసేటప్పుడు అంచు మడత పడినట్టు లోపలికి మడిచి ఉంటుంది. చక్రం పైకి లేచినప్పుడు ఆ మడత కిందికి దొర్లుతుంది, చక్రం దిగినప్పుడు పైకి దొర్లుతుంది. షెడ్డుల్లో దీన్ని బెలూన్ అంటారు.

ఇక గాలి తయారీ. బొనెట్టు కిందో, డిక్కీ కిందో ఒక చిన్న కరెంటు కంప్రెసర్ ఉంటుంది. మీ సైకిలు పంపుకు మోటారు తగిలించినట్టే అనుకోండి. పంపు గబగబా కొడితే గొట్టం వేడెక్కుతుంది, చూశారు గదా? కంప్రెసర్ కూడా అలాగే వేడెక్కుతుంది. కాసేపు పని, కాసేపు విశ్రాంతి దాని రాత. గాలిని నొక్కితే అందులోని చెమ్మ నీళ్ళుగా దిగుతుంది. ఆ చెమ్మను పీల్చటానికి కంప్రెసర్ పక్కన ఒక డబ్బాలో గింజలు పోసి ఉంటాయి. కొత్త జోళ్ళ పెట్టెలో చిన్న కాగితం పొట్లం ఉంటుంది చూడండి, అటువంటి గింజలే. అక్కడనుంచి గాలి ఒక వాల్వుల దిమ్మెకు పోయి, నాలుగు సన్నని పైపుల్లో నాలుగు తిత్తులకు పోతుంది. ప్రతి చక్రం దగ్గరా ఎత్తు చెప్పే ఒక చిన్న చేయి ఉంటుంది. ఆ నాలుగు చేతులూ చెప్పింది విని, ఎక్కడ గాలి నింపాలో, ఎక్కడ వదలాలో ఒక చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది.

ఇంకో మాట. స్ప్రింగు ఒక్కటే చాలదు. స్ప్రింగు ఊగుతుంది, ఊగుతూనే ఉంటుంది. ఊపును చంపటానికి నూనె నింపిన షాకప్ ఉండాలి. చాలా కార్లలో తిత్తి, షాకప్ రెండూ ఒకే కడ్డీకి జంటగా వస్తాయి. ఏది పోయినా రెండింటికీ డబ్బు కట్టవలసి రావటం ఇందుకే. ఈ ఏర్పాటు నాకు నచ్చదు, కాని నన్నెవరడిగారు?

ఇప్పుడు షెడ్డులోకి రండి. మేస్త్రీ పానా ముట్టుకోలేదు. టేపు తీశాడు. చదునైన చోట బండిని నిలిపి, ఇంజను వేయించి, బండి పూర్తిగా లేచేదాకా ఆగాడు. చక్రం నడిబొడ్డు నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా కొలిచాడు. ముందర ఎడమ 38 సెంటీమీటర్లు, కుడి 38. వెనక 39, 39. బల్ల మీద రాశాడు. నేల నుంచి ఎందుకు కొలవలేదని అడిగాను.

"టైర్ల హవా తక్కువుంటె లెక్క తప్పుతది సార్," అన్నాడు. ఎనిమిదో తరగతిలో వీడికి ఇంకో పది మార్కులు వేసి ఉండవలసింది!

మర్నాడు పొద్దున, తలుపు తీయకముందే, మళ్ళీ కొలిచాడు. తలుపు తీస్తే కంప్యూటరు మేలుకుని బండిని సర్దుతుందని భయం. ముందర 32, 32. వెనక 33, 33. నాలుగూ దిగిపోయాయి. "సూసిన్రా? మొత్తం బండే కూసున్నది. కంప్రెసరే గదా!" అన్నాడు యజమాని. మీరైనా అదే అనేవారు. నాలుగు తిత్తులూ ఒకే రాత్రి, ఒకేమాదిరిగా, సరిగ్గా ఆరు సెంటీమీటర్ల చొప్పున చిరుగుతాయా?

మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. కంప్రెసర్ గాలిని పుట్టించేదే గాని పట్టి ఉంచేది కాదు. రాత్రి బండి ఆగి ఉంది, కంప్రెసరూ ఆగే ఉంది. మరి గాలి ఎటు పోయింది? ఇక్కడ ఒక రహస్యం ఉంది, వినండి. కొన్ని కార్లలో కంప్యూటరు రాత్రి కూడా పూర్తిగా నిద్రపోదు. ఉండి ఉండి లేచి, నాలుగు మూలలూ సమంగా ఉన్నాయా అని చూస్తుంది. ఒక మూల దిగి ఉంటే, రాత్రివేళ కంప్రెసర్ వేసి బ్యాటరీ ఖాళీ చేయటమెందుకని, తక్కిన మూడు మూలల్లోని గాలిని కూడా కొంచెం వదిలేసి, దిగిన మూలతో సమం చేస్తుంది. ఒక్కడు ఆలస్యంగా నడిస్తే తక్కిన ముగ్గురినీ వాడితో సమంగా నడిపించే డ్రిల్లు మాస్టరులాగ! పొద్దున చూసేవాడికి నాలుగూ కుంగినట్టే కనిపిస్తాయి. ఒక్క దొంగ నలుగురిలో కలిసిపోతాడు.

అందుచేత ఆ రెండో రాత్రి మేస్త్రీ ఒక పని చేశాడు. బండిని మామూలు ఎత్తుకు లేపి, ఆ కంప్యూటరు ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. ఇక ఎవరి గాలి వారిదే. పొద్దున కొలిస్తే: ముందర ఎడమ 31. ముందర కుడి 37న్నర. వెనక 39, 39. బల్ల మీద ఎడమ అంకె చుట్టూ సున్నా చుట్టాడు.

ఆనాడే ఒక సంగతి జరిగింది. దాన్ని కొంచెం నిదానంగా చెబుతాను. యజమాని వెంట వచ్చిన కుర్రవాడు ఒకడు ఉన్నాడు, ఇరవై ఏళ్ళ లోపువాడు. ఆ ఎడమ చక్రం దగ్గర బుస్సుమని వినిపిస్తుందేమోనని, మోకాళ్ళ మీద కూర్చుని, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య తల దూర్చబోయాడు. అప్పటికి బండి మళ్ళీ గాలితో లేచి ఉంది. మేస్త్రీ అరిచిన అరుపుకు సందు చివర చాయ్ కొట్టువాడు కూడా ఇటు తిరిగాడు. కాలరు పట్టుకుని వెనక్కి లాగాడు. కుర్రవాడికి కోపం వచ్చింది. మేస్త్రీ ఏమీ మాట్లాడలేదు. కర్ర ఒకటి అదే సందులో నిలబెట్టి, బండిని దించే మీట నొక్కాడు. కారు మెత్తగా, చప్పుడు లేకుండా దిగింది. కర్ర విల్లులా వంగి, ఫట్‌మని విరిగింది.

గాలి మీద లేచి ఉన్న బండి కింద, మడ్‌గార్డు కింద, తలగాని చేయిగాని పెట్టకూడదు పిల్లలూ. తిత్తి పగలనక్కరలేదు, పైపు ఊడనక్కరలేదు. ఎవరో తలుపు తీస్తే చాలు, కంప్యూటరు తన ఇష్టం వచ్చినట్టు బండిని దించవచ్చు. జాకీ ఒక్కటి పెట్టినా నమ్మరాదు. ఇనప స్టాండ్లు బండి చట్రం కింద పెట్టిన తరవాతనే పని. మేస్త్రీ ఆ తరవాత నాలుగు స్టాండ్లు పెట్టాడు. ఆ కుర్రవాడి చేతే పెట్టించాడు.

ఇక సబ్బునీళ్ళు. పంక్చరు షాపువాడు ట్యూబును నీళ్ళలో ముంచి చూస్తాడు. కారును ముంచలేం గనక, నీళ్ళను కారు దగ్గరికి తేవాలి. బట్టల సబ్బు నురగను చిన్న స్ప్రే సీసాలో పోసి, ముందు పైపు బిగించిన చోట కొట్టాడు. ఏమీ లేదు. తిత్తి పైఅంచున కొట్టాడు. ఏమీ లేదు. బండిని బాగా ఎత్తుకు లేపి కొట్టాడు. అప్పుడూ లేదు! యజమాని ప్రాణం మళ్ళీ ఉసూరుమంది. మేస్త్రీ బండిని మామూలు ఎత్తుకు తెచ్చి, మడత దగ్గర మళ్ళీ కొట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అర నిమిషం. ఒక నిమిషం. మడత లోపలనుంచి ఆవగింజంత బుడగలు, ఒకదాని వెంట ఒకటి, చీమల బారులాగ రావటం మొదలయింది.

ఎత్తు మారితే ఎందుకు కనబడలేదు? మడత ఎప్పుడూ దొర్లుతూ ఉంటుందని చెప్పాను గదా. బండి మామూలు ఎత్తులో రోజూ గంటల తరబడి నిలబడి ఉంటుంది గనక, రబ్బరు ఆ ఒక్క చోటే ఎక్కువగా వంగి వంగి పగులుతుంది. ఎత్తు మారిస్తే ఆ పగులు మడత మలుపు నుంచి తప్పుకుని మూసుకుపోతుంది. అందుకని ఒక్క ఎత్తులో చూసి "బాగుంది" అనకూడదు. ఏళ్ళు గడిచేకొద్దీ రబ్బరు ఎలాగూ ఎండుతుంది. మన ఎండ, గాలిలోని ఓజోను, మడతలో చిక్కుకున్న ఇసుక దాన్ని త్వరపెడతాయి. వానాకాలం వెళ్ళాక బండిని పూర్తిగా లేపి, స్టాండ్లు పెట్టి, ఆ మడతల్లోని బురదను ఉత్త నీళ్ళతో కడిగితే తిత్తి ఆయువు పెరుగుతుంది. కొందరు బండి కింద తుప్పు పట్టకుండా డీజిలు కొట్టిస్తారు. ఇనుముకు అది మంచిదేమోగాని, రబ్బరు నూనె తగిలితే మెత్తబడి చెడిపోతుంది. ఈ తిత్తి అంచున కూడా డీజిలు మరక ఉంది.

మరి కంప్రెసర్లు ఎందుకు కాలాయి? అమీర్‌పేట హాస్టళ్ళ మేడల మీద నీళ్ళ ట్యాంకులుంటాయి. ట్యాంకు అడుగున చిన్న చిల్లి పడిందనుకోండి. చిల్లిని ఎవరూ చూడరు. నీళ్ళు తగ్గినకొద్దీ మోటారు వేస్తూనే ఉంటారు. ఒకనాడు మోటారు కాలిపోతుంది. "మోటారు చెడింది" అని కొత్తది తెస్తారు. అదీ కాలుతుంది. కారులోని హెచ్చరిక దీపం కూడా కంప్రెసర్ ఇంతసేపు తిరిగినా బండి లేవలేదని మాత్రమే చెప్పగలదు. చిల్లి ఎక్కడుందో అది చెప్పదు. అంతేకాదు, ఎడతెగకుండా తిరిగిన కంప్రెసర్ మరింత చెమ్మగాలిని లాగుతుంది. గింజలు తడిసి పిండి అయిపోతాయి. ఆ పిండి వాల్వుల్లో పడితే అవి సరిగా మూసుకోవు. మేస్త్రీ డబ్బా విప్పి చూపించాడు. గింజలు ముట్టుకుంటే విభూతిలాగ వేలికి అంటాయి. కంప్రెసర్‌కు కరెంటు ఇచ్చే రిలే కాళ్ళు కూడా నల్లబడి ఉన్నాయి. రిలే అతుక్కుపోతే కంప్రెసర్ ఆగమన్నా ఆగదు. రెండుసార్లు కంప్రెసర్ మార్చినవారు ఈ గింజలనూ, రిలేనూ మార్చలేదు.

అప్పటికి మధ్యాహ్నం 2 గంటలు. సాయంత్రం పెళ్ళి. కొత్త తిత్తి ఊళ్ళో దొరకలేదు, బయటినుంచి రావాలి, రెండు రోజులు పడుతుంది. యజమాని కాసేపు ఊరుకుని, మెల్లగా అన్నాడు: "ఒక చెక్క దిమ్మె పెట్టు భాయ్. ఆ మూల కూసోకుంటె చాలు. నాలుగు కిలోమీటర్ల బారాత్, నడక మీద పోతది. ఈ ఒక్క రాత్రి."

అడిగిందాంట్లో అన్యాయమేమీ లేదనిపిస్తుంది. బయానా తిరిగి ఇవ్వాలి, పెళ్ళివారి చేత మాట పడాలి, నెల వాయిదా కట్టాలి. మేస్త్రీకి కూడా అది తెలుసు. వాడు నా వైపు చూశాడు. నేను బల్ల వైపు చూశాను. అది వాడి షెడ్డు, వాడి నిర్ణయం.

"ఇయ్యనన్నా," అన్నాడు చివరికి. "చెక్క పెడితే ఆ చక్రానికి స్ప్రింగే ఉండదు. గుంతల పడితే దెబ్బ మొత్తం బాడీకి. చెక్క జారితే మడ్‌గార్డ్ టైరు మీద కూసుంటది, స్టీరింగ్ తిరగది. బారాత్‌ల బండి సుట్టూ పిల్లలే ఆడుతుంటరు."

యజమాని చాలాసేపు మాట్లాడలేదు. తరవాత బయటికి పోయి, ఫోను మీద ఫోను చేసి, ఇంకొకరి కారు కుదిర్చాడు. దాని అద్దె బయానాకంటె ఎక్కువే అయింది. తిరిగి వచ్చి మేస్త్రీతో ఆ మాట ఒక్కటే చెప్పి, కుర్రవాణ్ణి తీసుకుని వెళ్ళిపోయాడు. చాయ్ కూడా తాగలేదు.

కొత్త తిత్తి రెండు రోజులకు వచ్చింది. దాన్ని బిగించటంలో ఒక మెలకువ ఉంది. ఖాళీ తిత్తి మీద బండి బరువు పడనివ్వరాదు. గాలి లేని మడత అడ్డదిడ్డంగా నలిగి, మొదటి రోజే చిరుగుతుంది. బండి ఇంకా స్టాండ్ల మీద ఉండగానే తిత్తిలో కొంత గాలి నింపి, మడత గుండ్రంగా నిలిచిందని చూసి, ఆ తరవాతే బరువు దించాడు. కుడివైపుది కూడా అదే వయసుది గనక ఈ ఏడాదిలోనే మార్చవలసి వస్తుందని ముందే చెప్పి, బిల్లు మీద రాసి ఇచ్చాడు. కొత్త గింజలు, కొత్త రిలే, కంప్రెసర్ గాలి పీల్చే చోట కొత్త జల్లెడ. మూడో కంప్రెసర్‌ను మార్చలేదు. బాగానే ఉంది.

మళ్ళీ ఫ్యూజు పీకి ఒక రాత్రి ఉంచాడు. పొద్దున 38, 37న్నర, 39, 39. ఆ అర సెంటీమీటరు కుడివైపుదే. దాన్ని బల్ల మీద తుడవకుండా ఉంచి, పక్కన తారీకు వేశాడు. ఆరు నెలల తరవాత మళ్ళీ కొలవాలట.

పాత తిత్తిని నేను అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ఇంటికి వచ్చిన పిల్లలు దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "బాగానే ఉంది గదా తాతగారూ!" అంటారు. మడతను రెండు బొటనవేళ్ళతో విప్పి, వెలుతురుకు ఎదురుగా పట్టుకోమంటాను. అప్పుడు కనిపిస్తుంది, గోరంత పొడవున, వెంట్రుకంత సన్నంగా.